పులిమేక రాయి మీద సిమెంటు

కినత్తుకడవు దగ్గర మా ఇంటి వాకిట్లో పరిచినవన్నీ మేలూరు నుంచి తెచ్చిన గ్రానైటు రాళ్ళే. అరుగు పక్కనున్న రాయి మీద మా తాత ఉలితో పులిమేక ఆట గీతలు చెక్కించాడు. మాతోనే ఉండే మా మేనత్తకు ఇప్పుడు చూపు దాదాపు లేదు. అయినా ఆ గీతల్లో వేలు పెట్టి తడుముకుంటూ తన మూడు పులుల్నీ నడుపుతుంది, నా పదిహేను మేకల్నీ మింగేస్తుంది. అట్ట మీద గీసిస్తే ఆమె వేలికి ఏమీ తగలదు. ఆమె ఆడగలిగేది ఆ ఒక్క రాయి మీదే.

ఆ రాయి మీదే సిమెంటు కలిపించిన ఘనురాలిని నేను. ప్రహరీ గోడ పని జరుగుతోంది. ఎక్కడ కలపాలని మేస్త్రి అడిగితే, ఫోన్లో మాట్లాడుతూనే "ఆ నీడలో" అని చెయ్యి ఊపాను. రెండు రోజులకు పని ముగిసి తట్టలు తీసి చూస్తే గీతలు లేవు. సిమెంటు వాటిని పూడ్చేసింది.

మేస్త్రి యాసిడ్ సీసా తెచ్చాడు. నాకు ఓపిక తక్కువే గానీ మరీ అంత తెలివితక్కువదాన్ని కాను. ముందు పూలకుండీ వెనకున్న మూల రాయి మీద నాలుగు చుక్కలు వేయించాను. తెల్లారేసరికి అక్కడ తుప్పు పట్టినట్టు పసుప్పచ్చ మచ్చ. సీసా తిరిగి పంపేశాను.

అరుగు మీద నుంచి అంతా వింటున్న అత్త అంది: "చక్కెర నీళ్ళు పోసి చూడు కన్నూ. మా నాయన బావి కట్టేప్పుడు సిమెంటులో చక్కెర పడి, అది బిగియనే లేదు."

"అది పచ్చి సిమెంటు అత్తా. ఇది ఎండిపోయింది."

"రెండు మూడు దినాలదే కదా, పరవాల్లే. పోతే చక్కెర పోతాది."

మందపు పెచ్చుల్ని కొయ్యసుత్తితో మెల్లగా తట్టి లేపాను. చిక్కటి చక్కెర నీళ్ళలో గోనెపట్టా తడిపి పరిచి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కప్పాను. పొద్దున్నే చూస్తే మా వీధి చీమలన్నిటికీ అక్కడ పెళ్ళి భోజనం. వాటిని నీళ్ళతో తోలేసి వెదురు పుల్లతో గీకితే, పైపొర తడి సున్నంలా ఊడొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కొబ్బరి పీచుతో రుద్దడం, కడగడం, మళ్ళీ గోనె పరచడం. మూడో రోజు గీత వెంట గీత బయటపడుతుంటే ఎంత సంబరమో, అన్నం సంగతే మరిచాను.

చివరి మూల మాత్రం మొండికేసింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నట్టు మేస్త్రి వదిలెళ్ళిన ఉలి అందుకున్నాను. ఒక్క దెబ్బకే అది జారి, రెండు గీతల్ని కలుపుతూ వేలెడు గాటు పడింది. ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం అత్తను తెచ్చి కూర్చోబెట్టాను. ఆమె వేలు గీతలన్నీ తిరిగొచ్చింది. గాటు దగ్గర వేలు కాస్త ఆగింది. "అంతా ఉండాది," అంది.

గులకరాళ్ళు పులులు, చింతపిక్కలు మేకలు. ఆ రోజు నా ఆటకు ఎదురే లేదు. రెండు పులుల్ని కట్టేశాను, మూడోదానికీ దారి మూసేశాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అత్తను ఓడించబోతున్నాను.

అత్త తీరిగ్గా రాయిని తడిమి, ఆ మూడో పులిని గాటు మీదుగా అవతలికి దాటించింది.

"అది దారి కాదత్తా. నా ఉలి జారింది."

"రాతి మీద ఉండాది కదా కన్నూ. ఇంకమీద అదీ దారే."