మిషను పిల్లలు

పాంగి రస్మో ఒక్కచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. ముంచింగిపుట్టు సంతలో మిషన్లో పొదిగించిన కోడిపిల్లల్ని పదింటిని కొన్నాక ఆవిడకి ఉన్న కాస్త నిలకడా పోయింది. పిల్లలతో తిరుగుతున్న తన నాటుపెట్ట కిందకి వాటినీ తోస్తే, అది పొడిచి తరిమేసింది. దాంతో తల్లిపని రస్మో మీద పడింది. బుట్ట మూస్తుంది, తెరుస్తుంది, నూకలు చల్లుతుంది, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తుంది. చేలోకి వెళ్లినా కొడవలి వదిలేసి మళ్లీ ఇంటికి పరిగెడుతుంది.

మొన్న వాకిట్లో గద్ద నీడ పడింది. పెట్ట అరవగానే దాని పిల్లలు రెక్కల కింద దూరాయి. మిషను పిల్లలకి ఆ అరుపు అర్థం కాలేదు. మెడలెత్తి గద్దనే చూస్తూ నిలబడ్డాయి. రస్మో పొయ్యి దగ్గర్నుంచి ఒక్క ఉరుకున వచ్చి, గొంతుక్కూర్చుని కొంగు పరిచి, నూకలేసేటప్పటి పిలుపు పిలిచింది. పదీ వచ్చి కొంగు కింద దూరాయి.

కాసేపటికి లోపల్నుంచి తోటికోడలు దొయిమతి కేకేసింది. "గద్ద ఎల్లిపోనాది గదక్కా! బేగి లెగు, అంబలి అడుగంటిపోతంది!"

రస్మో కదల్లేదు.

"అంటనీయే," అంది గుసగుసగా. "ఇప్పుడే కునుకు తీసినాయి."