మత్తడి మూసిన మొనగాడు

దేవుడు మనిషికి తొమ్మిది రంధ్రాలు పెట్టి పంపాడంటారు. ఆ రోజు ఆయన పక్కన సిలికాన్ గన్ పట్టుకొని నేను నిలబడి ఉంటే, "స్వామీ, పని సఫాయిగా లేదు, ఇవెందుకు వదిలేశారు" అని తొమ్మిదింటినీ నున్నగా పూడ్చి ఇచ్చేవాణ్ణి. సృష్టి మొదటి పూటే ఊపిరాడక ఆగిపోయేది. నా తెలివి ఆ రకం. ఏడో తరగతిలో నేను బడి మానేశానని చెప్పుకుంటాను గాని, బడే నన్ను మానేసిందని మా సారు అంటాడు.

చుక్క నీరు కారకూడదని నన్ను పిలిపించుకున్న ఒక ముసలమ్మ ఇంటిని, బహ్రెయిన్‌లో, ఆకాశంలో గుప్పెడు మబ్బు కూడా లేని నెలలో, ఎలా చెరువు చేశానో ఇప్పుడు చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

అప్పటికి నేను అస్కర్ క్యాంపులో ఉండేవాణ్ణి. అల్యూమినియం ఫ్యాక్టరీ దగ్గర, కాంట్రాక్టు పని, ఆరుబయట డ్యూటీ. ఎండ గురించి ఎక్కువ చెప్పను. హెల్మెట్ తీస్తే నా తల ఉడికిన ఆలుగడ్డలా పొగలు కక్కేది, చిటికెడు ఉప్పు చల్లితే ఎవరైనా తినేవారు. మా ఊళ్ళో మాత్రం "ఆయనకేంది, దుబాయిల ఏసీ కింద పని" అనుకునేవారు. అలా అనుకోవడం వాళ్ళ తప్పు కాదు. ఫోనులో మా ఆవిడకు ఆ మాట చెప్పింది నేనే. ఆ అబద్ధాన్ని ఎలాగైనా నిజం చేయాలని నా కోరిక. అబద్ధాలాడేవాడికి కూడా కొంత నిజాయితీ ఉండాలి కదా.

ఒక శుక్రవారం మల్లన్న క్యాంపుకు వచ్చాడు. మాది పక్కపక్క ఊళ్ళు. మా కంపెనీలోనే తుబ్లీలో ఇళ్ళ మరమ్మతుల జట్టుకు ఆయన మేస్త్రీ. ఆ జట్టు వాళ్ళు గోడల మధ్య, కప్పు కింద, నీడలో పని చేస్తారు. మా గదిలో అందరం ఆయన్ని పెళ్ళిళ్ళ పేరయ్యను చూసినట్టు చూశాం.

"ఒక మనిషి కావాల్రా. సిలికాన్ పని ఎవలకన్న అస్తదా?" అన్నాడు.

"నాకస్తదన్నా." నేను ఆలోచించే లోపలే నా నోరు జవాబు చెప్పేసింది.

"ఎక్కడ చేసినవ్?"

"ఇంటికాడ."

"మీ ఇంటికి బాత్రూం కట్టిందే మొన్న గదరా."

"గందులనే చేసినన్నా."

మల్లన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "సూడు తమ్మీ. జిదాఫ్స్‌ల ఒక ముసలమ్మ ఇల్లున్నది. బాత్రూం తొట్టి పక్కపొంటి నీళ్ళు కారి, అవుతలి గది గోడంత చెమ్మయితున్నది. పని మంచిగున్నదని ఆమె అంటే నువ్వు తుబ్లీలనే ఉంటవ్. లేదన్నదనుకో, మల్ల అస్కరే, మల్ల ఎండే. నిన్ను తోలుకపోయినందుకు నా ఇజ్జత్ గూడ పోతది."

"నీ ఇజ్జత్ నా ఇజ్జత్ అన్నా," అన్నాను. అప్పటికి నాకు ఇజ్జత్ ఎంత ఉందో, సిలికాన్ పని కూడా అంతే వచ్చు. తెలియనివారి కోసం చెబుతున్నాను, సిలికాన్ అంటే తొట్టికీ గోడకూ మధ్య సందులో పూసే తెల్లటి ముద్ద. ట్యూబును గన్‌లో పెట్టి నొక్కితే తాడులా వస్తుంది, ఆరితే రబ్బరవుతుంది. నేను అంతకుముందు దాన్ని చెత్తడబ్బాలోనే చూశాను, అది కూడా ఖాళీదే.

మల్లన్న వెళ్ళగానే ఫోనులో వీడియోలు పెట్టాను. చెప్పేవాడి భాష నాకు రాదు, కాని చేతులకు భాష ఉండదు. ట్యూబు ముక్కు ఏటవాలుగా, చిన్నగా కోయాలి. సందుకు రెండు వైపులా కాగితం టేపు అంటించాలి. మధ్యలో ఆగకుండా ఒకే వేగంతో గన్ లాగాలి. సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒక్కసారి దిద్ది, ఆరకముందే టేపు పీకెయ్యాలి. అంతే పని. నేర్చుకోవడానికి సిలికాన్ దొరకలేదు, అందుకని మా గది కిటికీ చుట్టూ పళ్ళపేస్టుతో సాధన చేశాను. సాయంత్రానికి నా చెయ్యి తిరిగింది, నాదీ ఇంకో ఇద్దరిదీ పేస్టు అయిపోయింది. మర్నాడు పొద్దున మా కిటికీ పుదీనా వాసన కొట్టింది, మేం కొట్టలేదు.

ఒక్క విషయం మీ చెవిలో వేసి ముందుకు పోతాను. ఆ వీడియోల్లో సిలికాన్ ఎక్కడ పూయాలో చూపించారు. ఎక్కడ పూయకూడదో చూపించలేదు. చూసేవాళ్ళలో నాలాంటి వాడు ఉంటాడని వాళ్ళకేం తెలుసు.

ఆదివారం జిదాఫ్స్ ఇంటికి వెళ్ళాం. ఇంటి పెద్దామెను ఇక్కడ మేం మామా అని పిలుస్తాం. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, చేతిలో కర్ర, కళ్ళు మాత్రం డేగవి. గురువారం కూతురూ మనవలూ వస్తున్నారు, ఆలోపు గోడ ఆరిపోవాలి. అరబ్బీ సగం, హిందీ సగం కలిపి నాకు పని అప్పజెప్పింది.

"షూఫ్. పానీ బాహర్ మాఫీ. కుల్లు బంద్ కరో."

అంటే, చూడు, నీళ్ళు బయటకు రావద్దు, అంతా బంద్ చెయ్యమని. "ఐవా మామా," అని తలూపాను.

మీరు నమ్మరు గాని, పని అద్భుతంగా కుదిరింది. మల్లన్న పాత సిలికాన్ గీకి శుభ్రం చేసి ఇచ్చాడు. నేను తొట్టి చుట్టూ, బేసిన్ వెనక, కమోడ్ అడుగున పూశాను. టేపు పీకితే కింద తెల్లటి గీత, పెళ్ళికూతురి కాటుకలా తీరుగా. సిలికాన్ పులిసిన కల్లు వాసన కొడుతుంటే ఇంటి మీద మనసు కూడా పోయింది.

"గీత గీసినట్టున్నదిరా," అన్నాడు మల్లన్న. "నేను నమ్మలే గాని, నీకు పని అస్తది." అని, వేరే ఇంటికి కుళాయి బిగించాలని వెళ్ళిపోయాడు.

పని అయిపోయింది. ట్యూబులో సగం మిగిలింది. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నవాడికి లడ్డూ మిగిలితే ఎలా ఉంటుందో నాకు అలా ఉంది, వదిలేసి లేవబుద్ధి కాదు. చుట్టూ చూశాను. బేసిన్ లోపల, అంచు కిందుగా, ఒక తూటు.

అస్కర్ క్యాంపులో తూటు అంటే శత్రువు. సందు కనిపిస్తే చాలు దుమ్ము వచ్చి పరుపు మీద పడుకుంటుంది. ఏసీ పక్క సందులో పాత లుంగీ, కిటికీ సందులో పాత పేపరు, తలుపు కింద చిరిగిన బనీను, ఇలా మూసీ మూసీ మా చేతులకు అదే అలవాటు. ఇంత మంచి బేసిన్ చేసినవాడు ఇంత తూటు వదిలేశాడంటే, వాడూ నాలాగే ఏడో తరగతిలో మానేసి ఉంటాడని జాలిపడి దాన్ని పూడ్చాను. వేలితో ఒక్కసారి దిద్దితే అక్కడ తూటు ఉండేదని దానికే గుర్తుండదు. స్నానాల తొట్టిలో కూడా పైన అలాంటిదే ఒకటి కనిపించింది. దాన్నీ పూడ్చాను. చివరికి నేల మీద నీళ్ళు పోయే జాలీ. అందులోంచి బొద్దింకలు వస్తాయి. మామా కూతురు వస్తోంది, చిన్నపిల్లలు ఉంటారు. వాళ్ళ మేలు కోరి జాలీ తూట్లు ఒక్కొక్కటే ఓపిగ్గా నింపాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త సిలికాన్‌గాడు తూటెరగడు.

సాయంత్రం మల్లన్న వచ్చి గడప దగ్గర నుంచే చూసి "శభాష్" అన్నాడు. మామా "మాషాల్లా" అంది. రేపు పొద్దుటి దాకా తడి తగలనీయొద్దని చెప్పి వచ్చేశాం. దారిలో మా ఆవిడకు ఫోన్ చేసి, "పెద్ద పని చేసిననే ఇయ్యాల," అన్నాను. అది అబద్ధం కాదు.

మర్నాడు పదింటికి మల్లన్నకు ఫోన్ వచ్చింది. ఫోన్ ఆయన చెవి దగ్గరే ఉన్నా మామా గొంతు నాకు బాగా వినిపించింది.

వెళ్ళేసరికి మామా మజ్లిస్‌లో, అంటే చుట్టాలు కూర్చునే పెద్ద గదిలో, సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చుంది. కింద తివాచీ తేలుతోంది. ఆమె చెప్పు ఒకటి పడవలా వచ్చి నా కాలికి తగిలింది. జరిగింది ఇదీ. బేసిన్‌కు బిరడా పెట్టి, కుళాయి తిప్పి, తలగుడ్డ నానబెట్టడం ఆమెకు ఏళ్ళనాటి అలవాటు. ఆలోపు కూతురు ఫోన్ చేసింది. తల్లీకూతుళ్ళ మాటలు ఏ దేశంలో అయినా తొందరగా తెగవు.

"పానీ నీచే మాఫీ," అంది మామా నెమ్మదిగా. "పానీ కుల్లు మజ్లిస్."

నీళ్ళు కిందికి లేవు, అన్నీ ఇక్కడే ఉన్నాయని. కేకలు వేసినా బాగుండేది.

మల్లన్న ప్యాంటు మడిచి బాత్రూంలోకి వెళ్ళి, బేసిన్ లోపల వేలు పెట్టి తడిమాడు.

"ఇక్కడొక తూటుండాలె గదరా."

"ఉండె అన్నా."

"ఏది?"

"మూసిన."

"ఎందుకు?"

"దుమ్మస్తదని."

"బేసిన్‌లకు దుమ్మెక్కడికెల్లి అస్తదిరా? సరె, తొట్టికున్నది?"

"అది గూడ."

మల్లన్న కింద చూశాడు. చీలమండల దాకా నీళ్ళు, కదలకుండా, అద్దంలా. "నేల మీద జాలీ? అది మూయలే గద? లేదని చెప్పు తమ్మీ."

"బొద్దింకలు అస్తయని..."

ఆయన కమోడ్ మూత దించి దాని మీద కూర్చున్నాడు. "మీ ఊరి చెరువుకు మత్తడి ఉన్నదారా?"

"ఎందుకు లేదన్నా. చెరువు నిండితే మిగిలిన నీళ్ళన్ని మత్తడి మీదికెల్లే దుంకుతయ్."

"మత్తడి మూస్తె ఏమైతది?"

"కట్ట తెగి ఊరు మునుగుతది. గది చిన్నపోరలకు గూడ ఎరుకే."

"మరి గా తూటే బేసిన్‌కు మత్తడిరా," అన్నాడు మల్లన్న.

నేను తేలుతున్న చెప్పు వంక చూశాను.

సామాన్ సర్దుకొని అస్కర్ వెళ్ళమని మల్లన్న అన్నాడు. నేను సరే అన్నాను. మామా మాత్రం కర్ర ఎత్తింది. "లా," అంది, అంటే వద్దని. మూసినవాడే తియ్యాలట.

అప్పుడు మొదలైంది అసలు పని. సిలికాన్ పూయడానికి అరగంట పడుతుంది. తీయడానికి మూడు రోజులు పట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. తూటు పూడ్చనేల, బ్లేడు పట్టి గీకనేల అని నేను కలుపుతున్నాను. బ్లేడు, సూది, పళ్ళు కుట్టుకునే పుల్ల, చివరికి నా చిటికెన వేలి గోరు. మామా గడపలో కుర్చీ వేసుకొని, కర్రతో చూపిస్తూ, "షూఫ్, ఇదర్ బాకీ," అనేది. ఇక్కడ ఇంకా ఉందని. మధ్యమధ్యలో చాయ్ ఇచ్చేది. నేను తాగుతుంటే కూడా కర్ర దించేది కాదు. ఆ మూడు రోజుల్లో ఏ తూటు దేనికి ఉందో, నీళ్ళు ఎటు వచ్చి ఎటు పోతాయో, ఏ బడీ నేర్పనంత నేర్చుకున్నాను. ఇంకో సంగతి, ఆ మూడు రోజులూ ఏసీలోనే ఉన్నాను. ఫోనులో ఇంటికి చెప్పిన మాట మొదటిసారి నిజమైంది.

బుధవారం సాయంత్రం తివాచీ డాబా మీద ఆరుతోంది. మల్లన్న బేసిన్‌కు బిరడా పెట్టి కుళాయి తిప్పాడు. నీళ్ళు పైకి, పైకి, అంచు దాకా వచ్చాయి. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. తూటు దగ్గరికి రాగానే గుడగుడమని లోపలికి దిగిపోయాయి. మా చెరువు మత్తడి దూకినప్పుడు కూడా నేను అంత సంతోషపడలేదు. తొట్టి పక్క గోడ కూడా పొడిగా ఉంది.

మామా కర్ర దించింది. "కామ్ జేన్," అంది మల్లన్నతో. తర్వాత నా తల వైపు వేలు చూపించి, "ముఖ్ మాఫీ."

పని బాగుంది, బుర్ర లేదు. ఇద్దరం ఆ తీర్పును వినయంగా ఒప్పుకున్నాం. పని బాగుందంది కాబట్టి మల్లన్న మాట ప్రకారం నన్ను తుబ్లీలో ఉంచుకోక తప్పలేదు.

వ్యాన్‌లో వస్తుంటే నా గుండె నిండిపోయింది. సిలికాన్ గన్ ఒడిలో పెట్టుకొని, దాని మీద కుడిచెయ్యి వేసి, పంచాయతీ పెద్దల ముందు నిలబడ్డవాడిలా గంభీరంగా అన్నాను.

"అన్నా, ఈ గన్ మీద ఒట్టు. తూటు కనవడితె అది ఎందుకున్నదో అడగంది ముట్టుకోను. రాని పని అస్తదని బతికున్నంత కాలం చెప్పను."

"మంచిది తమ్మీ," అన్నాడు మల్లన్న రోడ్డు వంకే చూస్తూ. "రేపొక ఇంట్ల ఏసీకి గ్యాస్ నింపేదున్నది. అస్తదా?"

"అస్తదన్నా."

మల్లన్న వ్యాన్ పక్కకు తీసి ఆపాడు. నా ఒళ్ళోంచి గన్ తీసుకొని, దాని ముక్కు నా నోటికి సూటిగా పెట్టి అన్నాడు.

"ఇంటి నిండ తూట్లు మూసినవ్ గాని, అసలు మూసేది ఇడిసిపెట్టినవ్‌రా."