కొత్త మోడల్ మంచుబండి, నా హిందీ

మంచులో జారిపడినోళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. అత్తగారిని బండి వెనక కూర్చోబెట్టుకుని, ఆమె పడిపోయిన సంగతి తెలియక ముందుకు దూసుకుపోయి, నిప్పుకోడి ఇసుకలో మూతి పెట్టినట్టు మంచుకుప్పలో తల దూర్చినోడిని మాత్రం నేనొక్కడినే అనుకుంటా. ఎట్ల జరిగిందో చెప్తా, వినండి. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు. ఎంత నవ్వినా మా ఇంట్లో వాళ్ళు నవ్వినంత నవ్వలేరు.

మాది మార్కాపురం, పలకల వ్యాపారం. మా సరుకు లారీల్లో ఉత్తరాదికి పోతుంది గాబట్టి డ్రైవర్లతో రోజూ ఫోన్లో హిందీ మాట్లాడతా. "కహా హై? కబ్ ఆయేగా? టైర్ ఠీక్ హై?" నా హిందీ మొత్తం ఇదే. వ్యాపారానికి ఇది చాలు. కానీ మా ఇంట్లో నన్ను ఢిల్లీలో పుట్టి పెరిగినోడి లెక్క చూసేవాళ్ళు. నేను కూడా పెద్దమనసుతో కాదనలేదు.

పోయినేడు చలికాలం మా ఆవిడ సుజాతను, గిద్దలూరు నుంచి మా అత్తగారు కమలమ్మను వెంటబెట్టుకుని మనాలి పోయినా. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారి మొహంలో నవ్వు లేదు. "మా అమ్మ ఒక్కసారి నవ్వితే చాలండీ" అని సుజాత అడిగితేనే ఈ ప్రయాణం. తీరా పోయినాక ఆమె మూడు శాలువాలు చుట్టుకుని, "ఇంత దూరమెందుకు అల్లుడుగారూ, మార్కాపురంలో ఐస్ ఫ్యాక్టరీ ముందర కుర్చీ ఏసుకున్నా ఇదే చలి గదా" అని ఒకటే గొణుగుడు.

అప్పుడు కనిపించింది మంచుబండి. ముందర రెండు స్కీలు, వెనక యుద్ధట్యాంకులకుండే పట్టా లాంటి పొడుగాటి రబ్బరు పట్టా, పైన మోటారుసైకిల్ హ్యాండిలు. అంతకుముందు స్నేహితులతో వచ్చినప్పుడు పాత మోడల్ వెనక కూర్చుని ఒక చుట్టు తిరిగినా. ఆ ఒక్క చుట్టుతో నాకు సగం ఇంజనీరునన్న నమ్మకం వచ్చేసింది.

బండాయన మీసాలు తిప్పుతూ, "యే నయా మోడల్ హై" అన్నాడు.

"కొత్త మోడలంట" అన్నా గంభీరంగా. అక్కడిదాకా నా తర్జుమాలో తప్పు లేదు. దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ఎద్దు పళ్ళు చూసే బేరగాడి మాదిరి తట్టి తట్టి చూసినా. "మూతి సన్నం చేసినారు. హ్యాండిలు పైకి లేపినారు. పట్టా పొడుగు పెంచినారు, కొండలెక్కాలి గదా. సీటు మాత్రం మరీ పిసినారితనం చేసినారు. పాతదానికి పెళ్ళిబల్లంత ఉండేది, ఇది పీటంత కూడా లేదు."

బండాయన బండికి తగిలించిన ఒక ఎర్రతాడు చూపించి, గుక్కతిప్పుకోకుండా ఏదో చెప్పి, దాని కొస నా కోటుకు తగిలించినాడు.

"ఏమంటాడు?" అని అడిగింది అత్తగారు.

"కొత్త బండి గదా అత్తమ్మా. దిష్టితాడంట."

"మనిషికి గూడా కడతారా?"

"ఇక్కడి పద్ధతి."

తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకుని, "అంగూఠా ఢీలా రఖ్‌నా" అని ఒకటికి రెండుసార్లు చెప్పినాడు. ఇది నాకు బాగా తెలిసిన మాట. మా వీధిలో నగల దుకాణమాయన మార్వాడీ. ఆయన ఉంగరాన్ని అంగూఠీ అంటాడు. "వదులుగా ఉన్న ఉంగరాలు తీసేయమంటున్నాడు, మంచులో పడితే దొరకవంట" అని ప్రకటించినా. బుద్ధిగా ముగ్గురం ఉంగరాలు తీసినాం. బండాయన మమ్మల్ని అదోలా చూసినాడు. మా క్రమశిక్షణకు ముచ్చటపడుతున్నాడనుకున్నా.

ఇంజన్ వేడెక్కేదానికి నడుస్తా ఉంది. ఆయన ఇంకేదో చెప్పి, హెల్మెట్ల కోసం గుడారంలోకి పోయినాడు.

"ఎక్కి కూర్చోమన్నాడు" అన్నా నేను.

"నిజంగా అట్లనే అన్నాడా?" అంది సుజాత.

"హిందీ నీకొచ్చా, నాకొచ్చా?"

అత్తగారిని బతిమాలి ఎక్కించినా. పీటంత సీటులో ముప్పాతిక నాకే అయిపోయింది. మిగిలిన కొస మీద ఆమె, ఆమె మూడు శాలువాలు. నేను హ్యాండిలును అయిదు వేళ్ళతో బిగించి పట్టుకున్నా. బొటనవేలి కింద ఏదో మీట నొక్కుకుంది.

అంతే! బండి కట్లు తెంచుకున్న కోడెదూడ మాదిరి ఎగిరి దూకింది.

"భయపడొద్దు అత్తమ్మా, నేనున్నా!" అని అరిచినా. జవాబు లేదు. నా డ్రైవింగు చూసి మాట రావట్లేదేమో అనుకున్నా. భయం పెరిగేకొద్దీ పట్టు బిగించినా, పట్టు బిగించేకొద్దీ బండి వేగం పెంచింది. వెనక నుంచి బండాయన కేక వినిపించింది. "అంగూఠా ఛోడో! అంగూఠా ఛోడో!"

ఉంగరం గురించి ఇంత పట్టుదలేంది ఈయనకు? ఎట్లనో మెడ తిప్పి గట్టిగా అరిచినా: "అంగూఠీ జేబ్ మే హై!"

మెడ తిప్పినప్పుడు తెలిసింది, వెనక అత్తగారు లేదు. ముందరికి తిరిగేసరికి మంచుకుప్ప ఉంది. నేను గాల్లోకి లేచినా, కోటుకున్న ఎర్రతాడు బండి నుంచి పుటుక్కున ఊడింది, ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. తల మంచులో, కాళ్ళు ఆకాశంలో.

బండాయన నా కాళ్ళు పట్టి బయటికి లాగినాడు. నా ముక్కు ముందర తన బొటనవేలు ఆడించి, "అంగూఠా!" అన్నాడు. మీట మీద బొటనవేలు వదులుగా పెట్టమని చెప్పినాడన్నమాట, ఉంగరం సంగతి కాదు. ఊడిన తాడు చూపించి, ఆగిన ఇంజన్ చూపించినాడు. తాడు ఊడితే ఇంజన్ ఆగుతుందన్నమాట. అప్పుడర్థమైంది.

అత్తగారేమైందోనని పరిగెత్తినా. బయల్దేరిన చోటికి రెండు బారల దూరంలో మెత్తటి మంచులో కూర్చోని ఉంది. శాలువాలు తలో దిక్కు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నా.

ఏడవడం కాదు, నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటా, ఊపిరాడక నవ్వుతోంది. "ఉంగరం... జేబులో ఉందంట!" అని మళ్ళీ పడిపడి నవ్వింది. సుజాత తల్లిని పట్టుకుని తనూ నవ్వి, నవ్వుతూనే కొంచెం ఏడ్చింది.

"ఇప్పుడు నేను తోల్తా" అంది అత్తగారు లేచి మంచు దులుపుకుని.

బండాయన ఈసారి నన్ను దూరంగా నిలబెట్టి, ఆమెకు చేతులతోనే సైగలు చేసి నేర్పించినాడు. తను పక్కన అడుగుబల్ల మీద నిలబడినాడు. ఆమె చక్కగా, నిదానంగా, మైదానమంతా చుట్టి వచ్చింది. వచ్చి, "బాగుంది అల్లుడుగారూ. సీటు నాకు సరిపోయింది. పాతది ఎట్లుండేదో గానీ, ఈ మోడలే మేలు" అని తీర్పు చెప్పింది.

ఆ సాయంత్రం హోటల్లో నేను లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రతిజ్ఞ చేసినా. "నేటి నుంచి ఎవరు ఏ భాషలో ఏం చెప్పినా, తెలియకపోతే తెలియదనే చెప్తా. సొంత తర్జుమా చేస్తే నా పలకలన్నీ పగిలిపోవుగాక!"

అంతలో వెయిటర్ వచ్చి ఏదో అడిగినాడు. ముగ్గురి కళ్ళూ నా మీదనే. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, నిజాయితీగా, ధైర్యంగా, అర్థం కాలేదని హిందీలోనే అన్నా:

"సమఝ్ మే నహీ ఆయా."

వెయిటర్ బిత్తరపోయినాడు. "అదేందన్నా, నేను తెలుగులోనే అడిగినా గదా, టీలో చక్కెర వెయ్యాల్నా అని. మాది త్రిపురాంతకం, మార్కాపురం పక్కనే."