వాయుగుండం పడిన రోజు కుండీలు

మా ఆవిడ పోయిన నెల పంజాగుట్ట ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ సంగతి తెలియని విద్యార్థులు ఇంకా ఆమె నంబరుకు ఫోన్ చేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అమీర్‌పేటలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు ఆమె భూగోళం చెప్పేది. తుపాన్లు పెరుగుతున్నాయా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారట.

"అవునా, కాదా? జర ఒక్క ముక్కల చెప్పుండ్రి మేడం!"

"పెరగడమంటే లెక్కా, బలమా? రెండు ప్రశ్నలు కలిపి అడిగి ఒక్క ముక్క కావాలంటే ఎలా నాయనా? ఎక్కువ వస్తున్నాయని గట్టిగా చెప్పలేం. కానీ సముద్రం వేడెక్కింది. వచ్చినవి త్వరగా ముదురుతున్నాయి, వాన ఎక్కువ తెస్తున్నాయి."

ఆమెకది పరీక్ష కోసం చెప్పే పాఠం కాదు. ఆమె చెల్లెలు సముద్రం ఒడ్డున రేకుల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. తుపాను ముందు మా ఇంటికి కదలమంటే కదలదు.

"నిరుడు ఒక్కటీ రాలేదు కదే అక్కా!"

"రానివాటిని చూసుకుని కూర్చుంటావా? వచ్చేది ఒక్కటి చాలదూ? బయల్దేరు!"

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, ఆమె మా బాల్కనీ పిట్టగోడ మీది పూలకుండీలన్నీ కిందికి దింపేది. ఆ తర్వాతే చెల్లెలికి ఫోన్. పక్కింటాయన నవ్వేవాడు.

"మబ్బు సుత లేదు మేడం. సముద్రం గీ అమీర్‌పేటకొస్తదా ఏంది?"

"సముద్రం రాదు అన్నయ్యగారూ. మా చెల్లి రావాలి."

నేనూ ఒకసారి అడిగాను, ఎందుకీ శ్రమ అని. "మనం కదలకుండా ఇంకొకరిని కదలమని ఎలా చెప్తామండీ?" అంది.

ఈ ఉదయం మళ్లీ వాయుగుండం. టీవీ కట్టేశాను, మళ్లీ పెట్టాను. టీ చల్లారిపోయింది. మరదలికి ఫోన్ చేసి, కొంచెం ఆలోచించమ్మా అన్నాను.

"చూద్దాంలెండి బావగారూ. అక్కయితే ఈపాటికి తిట్టి ఉండేది."

ఫోన్ పెట్టేశాను. బాల్కనీలోకి వెళ్లి కుండీలు దింపాను. పొద్దున పోసిన నీళ్లతో బరువుగా ఉన్నాయి. మట్టి చేతులతోనే మళ్లీ ఫోన్ చేశాను.

"బయల్దేరు. ఇప్పుడే. నిరుటి సంగతి నాకు చెప్పకు."

అటునుంచి ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది.

"సంచీ సర్దుతున్నాను. అరవకండి."

బస్సెక్కగానే ఫోన్ చేస్తానంది. బాల్కనీలోనే తిరుగుతున్నాను. కింద హారన్లు, పైన ఎండ. పిట్టగోడ మీద కుండీలు ఉన్నచోట గుండ్రటి తడి మరకలు. ఒక్కొక్కటే అంచుల నుంచి ఆరిపోతున్నాయి. ఫోన్ ఇంకా రాలేదు.