వద్దన్నవాడు నా కొడుకే

మా చిన్నోడు పోయాడు. తిరువళ్ళూరు ఫ్యాక్టరీ వాచ్‌మన్ వచ్చి గడప బయటే నిలబడి, "అక్కా, మీ చిన్నోడు కంప్యూటర్ రూములోనే పడిపోయినాడు. ఆస్పత్రికి తీసకపోయేలోపే అయిపోయింది" అన్నాడు. గుండె అన్నారు డాక్టర్లు. నాకు తెలిసింది వేరే.

వాడు అక్కడ ప్రోగ్రాములు రాసేవాడు. పనివాళ్ళ హాజరంతా ఆ మిషన్‌లోనే. గేటు గుమాస్తా హాజరు ఎక్కించొచ్చు. సూపర్‌వైజర్లు చూడొచ్చు, అంతే. తప్పుంటే దిద్దే హక్కు జీతాల సెక్షన్‌కే. మరి వాడికి? అసలు హాజరులో వేలు పెట్టే హక్కు వాడు ఉంచుకోనేలేదు. ఉత్తుత్తి పేర్లతో వేరే నకలు పెట్టుకుని, అందులోనే తన ప్రోగ్రాం సరిచూసుకునేవాడు.

"రాసేది నువ్వే గదరా, నీకెందుకు లేదు?" అని అడిగాను.

"రాసేవోనికే ఉండకూడదుమా. చెయ్యి జారితే యెవురి కూడో పోతుంది. హక్కు మనిషిని చూసి ఇచ్చేది కాదు, పనిని చూసి ఇయ్యాల. పని మారితే తీసెయ్యాల."

ఇంట్లోనూ అంతే. తన చొక్కా వదిన పెట్టెలో ఉన్నా, ఆమెను పిలవందే మూత ఎత్తడు. "వచ్చినాడమ్మా తాసిల్దారు, సొంత చొక్కాకు పర్మిషన్ అడిగేదానికి" అని ఆమె నవ్వేది.

అలాంటివాడిని పిలిచి మేనేజరు, దిద్దడానికి ప్రతిసారీ జీతాల సెక్షన్ చుట్టూ తిరగాలా, సూపర్‌వైజర్లందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టి అన్ని హక్కులూ ఇచ్చెయ్యమన్నాడు. వీడు వద్దన్నాడు. మళ్ళీ వద్దన్నాడు. అంతా మనవాళ్ళే కదా అని ఆయన పట్టుబట్టి ఇప్పించాడు.

తర్వాత కనకమ్మ సత్రం అనే ఊరి నుంచి వచ్చే ప్యాకింగ్ అమ్మాయి హాజరు ఎవరో చెరిపేశారు. ఆమె పని పోయింది. అందరిదీ ఒకే పాస్‌వర్డు, ఎవరని చెప్పేది? "ప్రోగ్రాం రాసింది నువ్వే గదా" అని మేనేజరు నా కొడుకు మీదికి తోశాడు. ఆ రోజు నుంచి వాడు కంచం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయేవాడు.

కర్మ రోజు అదే మేనేజరు దండ తెచ్చి, మా బంధువులందరి ముందూ అన్నాడు: "బంగారంలాంటి పిల్లోడు. యెవురినీ కాదనేవాడు కాదు."

నా ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే, వాకిట్లో నిలబడి ఉన్న ఆ ప్యాకింగ్ అమ్మాయి అందుకుంది.

"కాదన్నాడు సార్. మీరు చెప్పినా కాదన్నాడు. నా పని పోయినాక మా ఇంటికొచ్చి మా నాయన ముందర అంతా చెప్పినాడు. ఆ పాస్‌వర్డు అందరికీ ఇప్పించింది మీరే గదా?"

ఆయన చేతి గడియారం చూసుకుని, "రైలుకు టైమయింది" అంటూ చెప్పులు వేసుకున్నాడు.

ఆ అమ్మాయికి పని ఇంకా తిరిగి ఇవ్వలేదు. ప్రోగ్రాములు రాసే పిల్లలు ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ చేత ఇట్లా హక్కులు ఇప్పించబోతే, వద్దనే మాట నలుగురి ముందర అనండి. నా కొడుకు తలుపు వేసిన గదిలో, ఆ మేనేజరొక్కడితోనే అన్నాడు.

ఆ కర్మ రోజు ఆ అమ్మాయిని బంతిలో కూర్చోబెట్టి నేనే వడ్డించాను. పక్కన మేనేజరుకని వేసిన ఆకును మా పెద్దోడు తీయబోతే ఉండనీ అన్నాను. నీళ్ళు చల్లిన ఆ అరిటాకు, ఒక్క మెతుకు లేకుండా, అందరూ తిని లేచేదాకా అట్లే పరిచి ఉంది.