సగం ఒప్పుకోని భీమేశ్వరరావు గారు

భీమేశ్వరరావు గారి లోకంలో సగం అనేది లేదు. ఏదైనా నిండుగా ఉండాలి, లేదా ఖాళీగా ఉండాలి.

ఓసారి క్యాంటీను సీతాబాయి కప్పులో సగానికే టీ పోసి ఇచ్చింది.

"ఇది నిండు కప్పా, ఖాళీ కప్పా?"

"జర పాలు తక్కువైనయి సార్. సగమే ఉంది, తాగుండ్రి."

"సగమనే మాటే లేదమ్మా. నింపు, లేదా తీసుకుపో."

సీతాబాయి తీసుకుపోయింది. ఆ పూట ఆయన టీ లేకుండానే మహా సంతృప్తిగా గడిపారు.

ఇదంతా ఆయన చేసే పని తెచ్చిన జబ్బు. బాలానగర్‌లోని ఆ కంపెనీకి గదినిండా బీరువాల్లాంటి కంప్యూటరు కొత్తగా వచ్చిన రోజులవి, డెబ్భైల నడిమి కాలం. గీతలతో గీసిన బొమ్మను గళ్ళుగా విడగొట్టడం ఆయన దానికి నేర్పారు. గీత సగానికి మించి ఆక్రమించిన గడిలో చుక్క, లేకపోతే ఖాళీ. మాదాపూర్ గుట్టలు కూడా ఆయనకు మెట్లు మెట్లుగానే కనిపించేవట.

కంప్యూటరు చదివే అట్టకార్డులకు బెజ్జాలు కొట్టే పుణ్యవతికి మాత్రం ఇది ఇంద్రజాలమే. గీతకొక కార్డు చొప్పున తను అందిస్తే, అవతల ప్రింటరు టకటకలాడుతూ చుక్కలతో బొమ్మ పోస్తుంది! ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఒళ్ళు పులకరించేది.

ఢిల్లీలో స్థిరపడ్డ తెలుగు ఆఫీసరు ఒకాయన యంత్రాన్ని చూడటానికి వచ్చారు. ఆయనకు నెమలి బొమ్మ చూపాలి. "కార్డుల్లో తప్పు దొర్లితే రేపట్నుంచి రానక్కర్లేదు" అని మేనేజరు పట్టాభిరామయ్య పుణ్యవతికి ముందే చెప్పారు. ఆమె ఇల్లు నడిచేది ఆ జీతంతోనే.

పింఛం పడింది, మెడ పడింది. ఆఫీసరు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఒక్క కాలు పడి ప్రింటరు ఆగిపోయింది.

పుణ్యవతి గబుక్కున కిందికి చూసింది. రెండో కాలి కార్డు బల్ల కింద ఉంది! వంగి తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"ఇదేమిటండీ, సగం నెమలి?" అని పట్టాభిరామయ్య పక్కనే ఉన్న భీమేశ్వరరావు గారి మీద కళ్ళెర్రజేశారు.

సగం టీ తాగని మనిషి ఆ కార్డును చూశారు, ఆ పిల్ల మొహం చూశారు.

"సగమేమిటండీ, నిండు నెమలి! ఒంటికాలి మీద నిలబడింది. నేనే అలా గీశాను."

"భలే! మా తోటలోకొచ్చే నెమలి కూడా అచ్చం ఇలాగే నిలబడుతుంది" అంటూ ఆఫీసరు మురిసిపోయి, ఆ కాగితం చుట్టి పట్టుకెళ్ళారు. పట్టాభిరామయ్య నవ్వుతూ వెనకాలే వెళ్ళారు.

గది ఖాళీ అయ్యాక పుణ్యవతి, "సార్, కార్డు నేనే జారగొట్టిన. మీరు నాకోసం..." అంటూ ఆగిపోయింది.

"అదలా ఉంచి కార్డు ఇటివ్వమ్మా" అన్నారాయన. "పాపం ఎంతసేపని ఒంటికాలి మీద నిలబడుతుంది? రెండోది దింపిద్దాం."