బోర్డు మీది సొంత మాటలు

మీ అమ్మాయి నోటుబుక్కులో ‘సొంత మాటల్లో రాయండి’ అనే ప్రశ్న కింద ఉన్న మాటలు ఎవరివో ఎప్పుడైనా చూశారా?

నేను చూశాను. చూసి చూసి అలసిపోయాను. మేడ్చల్, శామీర్‌పేట వైపు బడులకు తెలుగు అభ్యాస పుస్తకాలు తయారుచేసే బృందంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతి పుస్తకంలో పాఠానికో పేజీ ఖాళీగా వదలాలని పట్టుబట్టింది నేనే. ఆ పేజీలో ఏం రాయాలో, ఎందుకు రాయాలో పిల్లలే తేల్చుకోవాలి. భాష ఇంకో దారిలో సొంతం కాదని నా వాదన.

ఆ పేజీ ఎలా నడుస్తోందో చూద్దామని, నగరం చెత్తంతా గుట్టగా పోసే జవహర్‌నగర్ దగ్గరి ఒక బడికి వెళ్లాను. ఏ పుస్తకం తెరిచినా ‘నాకు వానాకాలం అంటే చాలా ఇష్టం’ అనే ఉంది. అందరి చివరి వాక్యమూ ఒకేచోట సగంలో ఆగిపోయింది. టీచర్ బోర్డు మీద రాస్తుండగా గంట కొట్టారట.

ఒక్క అమ్మాయి మాత్రం వేరే రాసింది: “చెత్త దిక్కుకెళ్లి గాలి కొడితే మా అవ్వ కిటికీ మూస్తది. గాలి మళ్లితే తెరుస్తది. అప్పుడు కౌకూరోళ్లు మూసుకుంటరు కావచ్చు.”

కౌకూరు ఆ చెత్తగుట్టకు అవతలి ఊరు. ఆ రాత మీద ఎర్ర గీత. మార్కుల చోట సున్నా.

ఎందుకని టీచర్‌ను అడిగాను. ఆమె చెడ్డ మనిషి కాదు, ఒంటి చేత్తో చాలా తరగతులు లాగుతోంది. జవాబులు ఒక్క తీరుగా లేకపోతే తల్లిదండ్రులు పక్కింటి పిల్ల మార్కులు చూపించి కొట్లాటకు వస్తారని చెప్పింది. “సొంతంగనే రాయమన్న సార్. గీ పిల్ల మాట్లాడినట్టే రాసింది” అంది.

అమ్మాయి బెంచీలోంచి లేచింది. “సొంతం అన్నరు గాని, ఎవరి సొంతమో చెప్పలే గద మేడం.”

తరగతి నవ్వింది. టీచరూ నవ్వింది. సున్నా అలాగే ఉంది.

ఏళ్ల తరబడి హేతువాద వేదికలెక్కి బాబాలతో, వాళ్ల మహిమల మీద వాదించాను. ఎవరు చెప్పినా ఊరికే నమ్మకు, అడుగు అన్నాను. బోర్డు చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకోవడమే చదువని నేర్చుకున్న పిల్ల, పెద్దయ్యాక బాబాను నిలదీస్తుందని ఏ బుద్ధితో అనుకున్నాం?

మేడ్చల్‌లో మా బృందం కూర్చున్నప్పుడు ఆ అమ్మాయి రాసింది చదివి వినిపించాను. బాగుందన్నారు. ఆ వెంటనే, పిల్లలకు ఏం రాయాలో తోచడం లేదు కాబట్టి ఖాళీ పేజీకి నమూనా జవాబు పంపాలని తీర్మానించారు. ఖాళీ పేజీకి నమూనా! కాదని లేచిన చెయ్యి నాదొక్కటే. ఇంతలో టీ వచ్చింది.

నమూనా కాగితాలు బడులకు చేరాక మళ్లీ వెళ్లాను. ఈసారి ఆ అమ్మాయి పేజీలోనూ వానాకాలమే ఉంది. పూర్తి మార్కులు. గాలి సంగతి ఏమైందని అడిగాను.

“గాలి రాస్తే మార్కులు వస్తలేవు సార్. వానకైతే వస్తున్నయ్.” పుస్తకం మూస్తూ అంది, “గాలైతే రోజూ వస్తాంది.”

సమావేశాల్లో నా చెయ్యి లేపీ లేపీ నొప్పి పుడుతోంది. ఇక మీరు లేవండి. ఈ సాయంత్రం మీ పిల్ల ఆ పేజీ తెరిచినప్పుడు నమూనా జవాబు చింపేయండి. ఆమె రాసింది చదవండి, దిద్దకండి. దానికి సున్నా వస్తే ఆ పుస్తకం పట్టుకుని బడికి వెళ్లి, ఎవరి మాటలకు సున్నా వేశారో అడగండి.